పాత ఓపెన్ కారుకు ఎంత అడగాలి?



కొత్త కారు ధర కంపెనీ చెబుతుంది. ఐదారేళ్లు వాడిన కారైతే ఏడాదికింత తరుగుదల అని కొట్టేసి, టైర్లూ ఇంజనూ చూసి, ఇంచుమించుగా ఒక అంకె చెప్పొచ్చు. యాభై ఏళ్లు దాటిన కారు దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు లెక్కలూ చెల్లవు. దాని తరుగుదల ఎప్పుడో ఆగిపోయింది. కొన్నిటికి ధర మళ్లీ పైకి లేచింది కూడా. అలాంటి కారును అమ్మదలచుకున్న మనిషి ఎంత అడగాలి? అడిగే ధర న్యాయంగానే ఉందని అతనికీ, కొనేవాడికీ ఎలా తెలియాలి? ఇవాళ్టి ముచ్చట అది.

మాట గాలిలో తేలిపోకుండా ఒక కారును పట్టుకుందాం. ఇంగ్లండులో తయారైన ఎమ్.జి.బి. రోడ్‌స్టర్. రెండు సీట్లు, పొడవాటి ముక్కు, మడిచి వెనక్కి పెట్టుకునే గుడ్డ పైకప్పు. మన ఊళ్లలో ఇప్పుడు ఎమ్.జి. పేరుతో తిరుగుతున్న ఎత్తైన కార్లకూ దీనికీ పేరే చుట్టరికం. నేను చెప్పే కారు ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో, 1962 నుంచి 1980 వరకు తయారైంది. ఆ ఏడుతోనే ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇది అరుదైన కారు కాదు. గట్టి పైకప్పున్న జి.టి. రకంతో కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో సగానికి పైగా సముద్రం దాటి అమెరికా పోయాయి. నిజంగా అరుదైన కారుకు ధర కట్టడం ఒక రకంగా తేలిక. ఇద్దరు డబ్బున్నవాళ్లు పంతం పట్టి వేలం పాడితే ఎక్కడ ఆగితే అదే ధర. ఎమ్.జి.బి. విషయంలో ఆ పంతాలుండవు. ఇంగ్లండులో ఏ వారం చూసినా బోలెడన్ని అమ్మకానికి ఉంటాయి. మీది నచ్చకపోతే పక్క ఊళ్లో ఇంకొకటి ఉంది. అంచేత ఈ కారు ధరలో అరుదుతనానికి పెద్దగా చోటు లేదు, ఉన్నదంతా అది ఏ స్థితిలో ఉందన్నదే.

నాకు తెలిసిన డాక్టరుగారు ఒకరున్నారు. గుంటూరులో వైద్యం చదివి, డెబ్బైల్లో ఇంగ్లండు వెళ్లి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర 1972 నాటి ఎర్ర ఎమ్.జి.బి. ఉంది. మోకాళ్లు మొరాయించి, నేలకంత దగ్గరగా కూర్చుని లేవడం కష్టమై, అమ్మేద్దామనుకున్నారు. ఫోన్ చేసి, "ఏమండీ, పద్దెనిమిది వేల పౌండ్లు అడుగుదామనుకుంటున్నాను. మరీ తక్కువంటారా?" అన్నారు.

"ఆ అంకె ఎలా వచ్చిందండీ?" అని అడిగాను.

ఆయన ఫైలు తీసి రసీదులు చదవడం మొదలుపెట్టారు. కొన్నప్పుడు ఇంత, రంగుకు ఇంత, సీట్ల తోలుకు ఇంత, ఇంజన్ విప్పి చేయించినందుకు ఇంత. అన్నీ కూడితే పద్దెనిమిది వేలు.

పాత కారు అమ్మేవాళ్లలో చాలామంది ధర కట్టేది ఇలాగే. కానీ ఆ మొత్తంలో ఆయన వేల్స్ కొండల్లో తిరిగిన షికార్ల ఖర్చుంది, ఆదివారాల సరదా ఖర్చుంది, మొదటి మెకానిక్ సరిగ్గా చేయక రెండోవాడితో మళ్లీ చేయించుకున్న పని ఖర్చుంది. వీటిలో ఏ ఒక్కదానికీ కొనేవాడు డబ్బివ్వడు. అతని మనసులో నడిచే లెక్క ఒక్కటే: ఈ బండి నా ఇంటికొచ్చాక నేను కోరుకున్నట్టు చేసుకోవడానికి ఇంకెంత పెట్టాలి? అమ్మేవాడు వెనక్కి చూసి కూడుతుంటాడు, కొనేవాడు ముందుకు చూసి తీసేస్తుంటాడు. ఇద్దరూ ఒకే కారు ముందు నిలబడి వేరువేరు అంకెలు చెప్పడం ఇందుకే. న్యాయమైన ధర కావాలంటే అమ్మేవాడు తన ఫైలు కాసేపు మూసి, కొనేవాడి పక్కకు వెళ్లి నిలబడి, ఆ తీసివేత ముందుగా తనే చేసుకోవాలి.

రసీదులు పారేయమని చెప్పడం లేదు. "ఇంజన్ చేయించానండీ" అని నోటితో చెప్పేవాడికీ, ఏ నెలలో ఏం మార్చారో బిల్లుతో, ఫొటోలతో చూపించేవాడికీ చాలా తేడా ఉంది. రసీదు ధరను పెంచదు గానీ, మీరడిగిన ధరను నమ్మిస్తుంది.

ఇక, తీసివేయాలంటే ముందు పైన ఒక అంకె ఉండాలి కదా. దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ప్రకటనల్లోంచి అంటారు అందరూ. ప్రకటనలో ఉన్నది అడిగే ధర. సరిగ్గా అడిగిన కారు వారం పది రోజుల్లో వెళ్లిపోతుంది, ఎక్కువ అడిగిన కారు నెలల తరబడి అక్కడే ఉంటుంది. కాబట్టి ఏ రోజు తిరగేసినా మన కంటికి ఎక్కువగా ఆనేవి అమ్ముడుపోని కార్లే. వాటి సగటు తీసి మన కారుకు ధర కట్టడమంటే, అమ్మడం చేతకానివాళ్లను సలహా అడగడమే.

వేలంపాట ఫలితాలు కొంత నయం. అక్కడ డబ్బు నిజంగా చేతులు మారింది. అయితే ఒక చిన్న మెలిక ఉంది. ఇంగ్లండు వేలం సంస్థలు సుత్తి దెబ్బ పడ్డ ధర మీద కొనేవాడి దగ్గర అదనపు రుసుము పుచ్చుకుంటాయి, అమ్మేవాడి దగ్గర కమీషన్ పుచ్చుకుంటాయి. అచ్చయ్యే ఫలితాల్లో తరచుగా ఆ రుసుము కలిసే ఉంటుంది. పేపర్లో 12 వేలని చదివితే, అమ్మినాయన జేబులోకి 12 వేలు చేరాయనుకోకూడదు. అమెరికాలో బ్రింగ్ ఎ ట్రైలర్ అనే ఆన్‌లైన్ వేలం నడుస్తోంది. కారు పొట్ట కింద తీసిన ఫొటోలు, చూసినవాళ్లు వేసిన ప్రశ్నలు, చివరికి ఎంతకు పోయిందన్న సంగతి, అన్నీ అక్కడ తర్వాత కూడా ఎవరైనా చూసుకునేలా ఉండిపోతాయి. ధర కట్టడం నేర్చుకోవాలంటే అది మంచి బడి. అమెరికా కార్లకు స్టీరింగ్ ఎడమ పక్కనుంటుంది గనక, ఆ ధరలు మాత్రం ఇంగ్లండుకు నేరుగా అతకవు.

డీలరు షాపులో అద్దాల వెనక మెరిసే కారు ధర చూసి కూడా మోసపోకూడదు. అందులో అతని అద్దె ఉంది, జీతాలున్నాయి, కొన్ని నెలల గ్యారంటీ ఉంది. ఇంటి ముందు నిలబెట్టి అమ్మేవాడు వీటిలో ఏదీ ఇవ్వడం లేదు, కాబట్టి ఆ ధర అడిగే హక్కూ అతనికి లేదు.

డాక్టరుగారి ఫైలులో ఇంకో కాగితం దొరికింది. ఇన్సూరెన్స్ కంపెనీ వారు రాసిచ్చిన విలువ. పాత కార్లకు ఇంగ్లండులో ఒక పద్ధతుంది. కారు కాలిపోతేనో, ఎవరైనా ఎత్తుకుపోతేనో ఇంత ఇస్తామని ముందే ఒప్పుకుని పాలసీలో అంకె వేస్తారు. యజమానుల సంఘాలవాళ్లు ఫొటోలు చూసి ఆ విలువను ధ్రువపరుస్తారు కూడా. అది అలాంటి మంచి కారు ఇంకొకటి వెతికి తెచ్చుకోవడానికి కావలసిన డబ్బు, పైగా కొంచెం ధారాళంగానే రాస్తారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇన్సూరెన్స్ కాగితం మీదున్నది కొరివి ధర. మనం ఉన్నది అడవి వైపు.

ధరల పట్టికలు కూడా ఉన్నాయి. హాగర్టీ అనే సంస్థ ప్రతి మోడల్‌నూ నాలుగు స్థితులుగా విడదీసి ధరలిస్తుంది. 1 అంటే ప్రదర్శన పోటీలో నిలబెట్టదగ్గది. 4 అంటే నడుస్తుంది గానీ లోపాలు పైకే కనబడేది. పట్టిక మంచిదే. చిక్కు ఎక్కడంటే, ప్రతి యజమానీ తన కారు 2 అనుకుంటాడు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి తెచ్చి చూపిస్తే 3 అంటాడు. ఆ ఒక్క అంకె తేడాలోనే వేల పౌండ్లున్నాయి.

ఎమ్.జి.బి.లో ఏ ఏడు కారు అన్నది కూడా ధరను తేలుస్తుంది. అమెరికా ప్రభుత్వం బంపర్ల గురించి కొత్త నియమాలు తెచ్చింది. వాటికి సరిపోవాలని 1974 చివర్లో తళతళలాడే క్రోమ్ బంపర్లు తీసేసి, లావాటి నల్ల బంపర్లు బిగించారు. అందరూ రబ్బరు బంపర్లంటారు గానీ అవి పాలియురితేన్‌వి. దాంతోపాటు కారును ఒక అంగుళం మేర పైకెత్తారు. అంతకుముందు మలుపుల్లో నేలకు అతుక్కుని పోయే కారు కాస్తా ఒరగడం మొదలుపెట్టింది. తర్వాత కొన్నేళ్లకు సర్దారు గానీ పేరు పోయింది. ఇవాళ్టికీ, మిగతా అన్నీ సమానమైతే, క్రోమ్ కారు నల్ల బంపరు కారు కంటే గట్టిగా ఎక్కువ పలుకుతుంది. నన్నడిగితే ఆ తేడా అందానికి ఇచ్చే డబ్బే. పల్లెటూరి రోడ్డు మీద సాయంత్రం పూట టాపు దించి నడిపేవాడికి నల్ల బంపరు కారు ఇచ్చే ఆనందం ఏం తక్కువ కాదు, మొదటిసారి కొనేవాడికి నేనైతే అదే చెబుతాను. కానీ ధర నా ఇష్టాన్ని బట్టి ఉండదు. నల్ల బంపర్లు పీకి క్రోమ్ బిగించి, క్రోమ్ కారు ధర అడిగేవాళ్లున్నారు. కాగితాల్లో తయారైన ఏడు మారదు, బిగించిన ఖర్చు తిరిగి రాదు.

ఇక అసలు చోటుకు వద్దాం. తుప్పు.

ఎమ్.జి.బి.కి ముందు వచ్చిన ఎమ్.జి.ఎ. కారుకు అడుగున విడిగా ఛాసిస్ ఉండేది. ఎమ్.జి.బి.కి అది తీసేసి, రేకునే మడిచి అతికి, బాడీనే బలంగా చేశారు. పైకప్పున్న కారులో అయితే బరువును పైకప్పు కూడా కొంత మోస్తుంది. ఓపెన్ కారులో ఆ సాయం లేదు. తలుపుల కింద ఆ చివర నుంచి ఈ చివరి దాకా పోయే రెండు పెట్టె దూలాలే, ఇంగ్లీషులో సిల్స్ అంటారు, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకుంటాయి. నులక మంచానికి పట్టెలు ఎలాగో ఇవి అలాగ. పట్టె పుచ్చిన మంచానికి ఎంత మంచి నులక అల్లినా ఏం లాభం?

ఈ సిల్స్ లోపలి నుంచి తుప్పు పడతాయి. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీరు అందులోకి చేరి కూర్చుంటుంది. సరిగ్గా బాగు చేయాలంటే ముందు వెనక రెక్కల కింది భాగాలు కోసి తీయాలి, ఎందుకంటే సిల్ వాటి లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. లోపలి పొరలూ బయటి పొరా మార్చి వెల్డింగ్ చేసి, రెక్కలు మళ్లీ అతికి, రంగు వేయాలి. రేకు ధర పెద్దగా ఉండదు, పనివాడి గంటల కూలి ఉంటుంది. అందుకని చాలా కార్లకు పాత తుప్పు మీదే కొత్త రేకు తొడుగు అతికేసి, లప్పం పెట్టి, రంగు కొట్టేశారు. బయటికి నిగనిగలాడుతుంది.

తెలిసిన కొనుగోలుదారు వచ్చి ఇంజన్ బానెట్ ఎత్తడు. తలుపుకూ ముందు రెక్కకూ మధ్య సందు చూస్తాడు. ఆ సందు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటే కారు నడుము కుంగిందని అర్థం. అయస్కాంతం తీసి రేకు మీద తడుముతాడు, లప్పం ఉన్నచోట అది పట్టదు. జాకీ పెట్టి ఒక పక్క లేపి, తలుపు తెరిచి మూస్తాడు. మూసుకోకుండా పట్టేస్తే, మారు మాట లేకుండా వెళ్లిపోతాడు, లేదా మీరు అడిగిన ధరలో సగం చెబుతాడు. ఈ మూడు పరీక్షలూ అతను రాకముందే మీరు చేసుకోండి. చేసుకునే ధైర్యం లేకపోతే, ఊళ్లో ఇలాంటి పాత కార్ల పని తెలిసిన మెకానిక్‌కు కొంత సొమ్మిచ్చి, ర్యాంపు ఎక్కించి, చూసిందంతా కాగితం మీద రాయించుకోండి. ధర కట్టడానికి పెట్టే ఖర్చుల్లో ఇంతకు మించి కలిసొచ్చేది నాకు కనబడలేదు.

బాడీ పూర్తిగా పోయినవాళ్లకూ ఒక దారుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే ఎమ్.జి.బి.కి సరికొత్త బాడీలు చేసి అమ్ముతోంది. ఆ ఖాళీ బాడీ ఒక్కదాని వెలకే, రోడ్డు మీద నడిచే మామూలు ఎమ్.జి.బి. ఒకటి వచ్చేస్తుంది. తుప్పు బరువు ఎంతో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

తుప్పుతో పోలిస్తే ఇంజన్ చిన్న విషయం. అది 1798 సి.సి. ఇంజన్, మొరటుది, గట్టిది, విడిభాగాలు పోస్టులో దొరుకుతాయి. అరిగిన ఇంజనుకు ధర తగ్గుతుంది గానీ కారు బతుకు పోదు.

మధ్యలో ఓవర్‌డ్రైవ్ కథ ఒకటి చెప్పాలి. గేర్‌బాక్స్ వెనక బిగించే అదనపు యంత్రం అది. దూర ప్రయాణాల్లో ఇంజన్ చప్పుడు తగ్గించి హాయిగా నడిపిస్తుంది. ఉంటే ధర పెరుగుతుంది. అది పనిచేయకపోతే ఏమవుతుందో చూడండి. చాలాసార్లు లోపం ఒక వైరులోనో, స్విచ్చిలోనో, ఆయిలు తగ్గడంలోనో ఉంటుంది. పూట పని. కానీ ఈ కారులో గేర్‌బాక్స్ దించాలంటే ఇంజనుతో కలిపి పైకి లాగాలి. అంచేత "ఓవర్‌డ్రైవ్ పనిచేయడం లేదండీ" అన్న మాట వినగానే కొనేవాడి కళ్ల ముందు క్రేను కనబడుతుంది, ఆ క్రేను ఖర్చంతా మీ ధరలోంచి కొట్టేస్తాడు. అమ్మే ముందు ఏ పని చేయించాలి, ఏది వదిలేయాలి అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మీకు కొద్దిలో పోయేదీ, అతనికి పెద్ద భయం పుట్టించేదీ బాగు చేయించండి. రంగు మాత్రం వేయించకండి. అమ్మకానికి ముందు కొత్తగా వేసిన రంగు చూస్తే తెలిసినవాడికి అనుమానమే పుడుతుంది, కింద ఏం దాచారోనని.

గుడ్డ పైకప్పు సంగతి అమ్మేవాళ్లు తరచు మరిచిపోతారు. టాపు దించి ఎండలో ఫొటో తీసి పెడతారు. కొనేవాడు రాగానే అడిగేది "టాపు ఎత్తి చూపించండి" అనే. వెనక ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి పగిలి ఉంటుంది, కుట్లు ఊడి ఉంటాయి, పైపుల చట్రం బిగుసుకుపోయి ఉంటుంది. ఫొటోల్లో టాపు ఎత్తినదీ ఒకటి పెట్టండి. లోపం ముందే చెప్పి ధర కట్టినవాడి దగ్గర బేరానికి సందు తక్కువ.

కాగితాల దగ్గరికొస్తే, మొదటి జాగ్రత్త మీటరు. ఎమ్.జి.బి. మీటరులో మైళ్లకు ఐదే అంకెలు. 99,999 దాటితే మళ్లీ సున్నా. మీటరు 45 వేలు చూపిస్తే అది 45 వేలో, లక్షా 45 వేలో చెప్పాల్సింది పాత సర్వీసు పుస్తకాలే. నిరూపించలేకపోతే తక్కువ తిరిగిన కారని ధర అడగకండి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షను ఎమ్.ఓ.టి. అంటారు. దాని పాత ఫలితాలు నంబరు కొడితే ఎవరికైనా ప్రభుత్వ సైటులో కనబడతాయి, ఏ ఏడు ఎన్ని మైళ్లు, ఎక్కడ తుప్పని ఫెయిలైంది, అన్నీ. మీ కారు చరిత్ర మీకంటే ముందు కొనేవాడు చదివి వస్తాడన్నమాట. 2018 నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులేవీ చేయనివాటికి, ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా అమ్మేముందు ఆ పరీక్ష చేయించుకుని కొత్త సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవడం తెలివి. ఇక కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో, ఏ ఇంజన్ నంబరుతో, ఏ దేశానికి బయలుదేరిందో పాత రికార్డులు చూసి బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు ధ్రువపత్రం ఇస్తారు. డాక్టరుగారి కారు పుట్టుకతో ఎరుపు కాదు, ముదురాకుపచ్చ అని ఆ పత్రంతోనే తెలిసింది. ఆయనకు కొంచెం మనసు కష్టమైంది.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు లెక్క చూపించడానికే గానీ మార్కెట్ ధరలుగా రాసుకోకండి. డాక్టరుగారి కారు నాటి క్రోమ్ బంపరు కార్లు, గట్టి బాడీ ఉన్నవి, 11 నుంచి 13 వేల పౌండ్ల మధ్య నిజంగా అమ్ముడయ్యాయని అనుకుందాం. నడుమ 12 వేలు పెట్టుకున్నాం. కుడి పక్క సిల్‌కు ఒకటి రెండేళ్లలో మరమ్మతు అవసరమవుతుందని మెకానిక్ రాశాడు: 1,500. పైకప్పు మార్చాలి, బిగింపు కూలితో: 600. టైర్లకు గాళ్లున్నాయి గానీ పదేళ్లు దాటాయి, రబ్బరు గట్టిపడింది: 400. మిగిలింది 9,500. ఓవర్‌డ్రైవ్ ముందే బాగు చేయించారు గనక దానికి కోత లేదు. తోలు సీట్లకు అదనంగా కలిపింది సున్నా, ఎందుకంటే 12 వేలకు పోయిన కార్లకూ మంచి సీట్లే ఉన్నాయి. ఇంకొక జాగ్రత్త, ఆ 12 వేల కార్లు కూడా కొత్తవి కావు, వాటికీ చిన్నాచితకా గీతలూ సొట్టలూ ఉండే ఉంటాయి. వాటితో సమానమైన లోపాలకు మళ్లీ కోత వేస్తే మీ కారును మీరే తక్కువ చేసుకున్నట్టు. వాటికి మించినవే తీసేయాలి.

బేరానికి కొంచెం జాగా వదిలి 9,950 అడగమన్నాను.

"పద్దెనిమిదెక్కడ, తొమ్మిదిన్నరెక్కడండీ!" అన్నారు డాక్టరుగారు. తర్వాత కాసేపటికి, "మరి ఈ రసీదులన్నీ ఏం చేయమంటారు?" అన్నారు. వరసగా పెట్టి, కారుతోపాటు ఇచ్చేయమన్నాను.

ఈ పద్ధతి మన దగ్గర చెల్లుతుందా అని మీకు అనిపించొచ్చు. తీసివేత ఎక్కడైనా చెల్లుతుంది. కానీ మన దగ్గర ఓపెన్ కార్లలో తుప్పుకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది పుట్టుకతో ఓపెనా, తర్వాత కోసిందా? 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారును తీసుకోండి. అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన దేశపు రూపం. దానికి అడుగున విడి ఛాసిస్ ఉంది, పైకప్పు బోల్టులతో బిగించి ఉంటుంది. బోల్టులు విప్పి పైకప్పు పక్కన పెడితే ఓపెన్ కారు తయారు. మిగతా కార్లకైతే కట్టరు పెట్టి కోయడమే, పెళ్లి ఊరేగింపుల కోసం అలా కోసిన బండ్లు మనం చూస్తూనే ఉన్నాం. కోసిన కారు దర్జాగానే ఉంటుంది. ధర మాత్రం దర్జాకు రాదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో సెలూన్ అని ఉండి, ఎదురుగా ఓపెన్ కారు నిలబడితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా మార్చిన బండి అది. ఆ చిక్కంతా కొనేవాడి నెత్తికెక్కుతుంది.

2021లో కేంద్రం పాత వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ఇది. కొత్తగా రిజిస్టరయ్యేవాటికి నంబరు పలకలో వి.ఎ. అనే అక్షరాలతో నంబరిస్తారు, అప్పటికే రిజిస్టరై ఉన్నవి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20 వేల రూపాయలు, తర్వాత మళ్లీ రిజిస్టర్ చేయించడానికి 5 వేలు, గడువు పదేళ్లు. రోజూ ఆఫీసుకు నడుపుకోవడానికి, బాడుగకు తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, మరమ్మతుకూ పెట్రోలుకూ మాత్రం రోడ్డెక్కొచ్చు. అసలు రూపం చెడని ఓపెన్ కారుకు ఆ రిజిస్ట్రేషన్ అందుబాటులో ఉంది, కోసిన కారుకు లేదు. రెండింటి ధరల మధ్య గోడ కట్టినట్టే. పెళ్లి బాడుగల కోసమే కొనేవాడికి ఆ రిజిస్ట్రేషన్‌తో పనే లేదు, అతనిచ్చే ధర వేరు. ఎవరికి అమ్ముతున్నామో తేల్చుకోకుండా అంకె రాయకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

మళ్లీ ఇంగ్లండుకు వస్తే, ఏ కాలంలో అమ్మాలన్నది విడమరిచి చెప్పనవసరం లేదు. ఇంగ్లండులో ఓపెన్ కారును నవంబరు వానలో అమ్మబోతే వచ్చేది బేరగాళ్లే. మార్చి, ఏప్రిల్‌లో ఎండ మొహం చూడగానే కొనాలన్న కోరిక పుడుతుంది. ఆగగలిగితే ఆగండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి, అదే డబ్బుకు మాజ్డా ఎమ్.ఎక్స్.-5 లాంటి జపాను ఓపెన్ కారు దొరుకుతుంది. 1989లో వచ్చిన ఆ కారు ఇలాంటి ఇంగ్లీషు కార్లను చూసే పుట్టింది, పొద్దున్నే తాళం తిప్పగానే కదులుతుంది కూడా. మీ పోటీ ఇంకో ఎమ్.జి.బి.తోనే అనుకోకండి.

ధర చెప్పాక మొదటి ఫోన్ వస్తుంది. ఆ గొంతు కారు రంగు కూడా అడక్కుండా "లాస్ట్ ఎంతండీ?" అంటుంది. అతనికి ఒక్క పౌండు తగ్గించకండి, వచ్చి చూడమనండి. రెండు మూడు వారాలు గడిచినా ఎవరూ వచ్చి చూడకపోతే లోపం ధరలో ఉంది, అప్పుడు కొసరి కొసరి యాభైలూ వందలూ తగ్గించకుండా ఒక్కసారే సరైన చోటికి దించండి. చాలామంది వచ్చి చూసి కొనకుండా వెళ్తుంటే లోపం కారులోనో, మీరు రాసిన వివరంలోనో ఉంది, వెళ్లేవాణ్ణి ఆపి ఎందుకని అడగండి. ఇక ఒకాయన వచ్చి, చాప పరుచుకుని కారు కిందికి దూరి, అయస్కాంతం తీసి, మీరు ముందే చెప్పిన కుడి సిల్ మీద వేలు పెట్టి చూపించి, "దీనికి పదిహేను వందలు చాలవండీ, రెండు వేలవుతుంది" అంటే, ఆయన మాటలో నిజముంటే ఆ ఐదొందలు ఆయనకే వదిలేయండి.